వీసా ఎవరి చలవ? చుట్టరికం, మెరిట్‌ల మధ్య వలస విధానాలు

క్లుప్తంగా: శాశ్వత నివాసం ఎవరికివ్వాలన్న ప్రశ్నకు అమెరికా చుట్టరికాన్ని, కెనడా, ఆస్ట్రేలియాలు మెరిట్‌ను ప్రమాణంగా తీసుకున్నాయన్నది వాడుకలో ఉన్న మాట. అంకెల్లోకి దిగితే ఈ విభజన అంత గట్టిగా నిలవదు. మెరిట్ వీసా మీద వచ్చేవారిలో సగానికి పైగా కుటుంబ సభ్యులే. బంధుత్వ వీసా మీద వచ్చేవారిలో చాలామంది వచ్చాక పనిచేసేవారే. ఈ దేశాల మధ్య అసలు తేడా రెండు చోట్ల కనిపిస్తుంది. మనిషిని ఎంపిక చేసేది బంధువా, యజమానా, ప్రభుత్వమా అన్నది ఒకటి. కుటుంబం అంటే ఎంతవరకు అన్నది రెండోది.

## లెక్కలో ఉన్న మెలిక

అమెరికా ఏటా సుమారు 10 లక్షల మందికి గ్రీన్‌కార్డులు ఇస్తుంది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు కుటుంబ సంబంధం మీద వచ్చేవే. పౌరుల భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు, 21 నిండిన పౌరుల తల్లిదండ్రులు, వీళ్లెవరికీ సంఖ్యా పరిమితి లేదు. పెద్దయిన పిల్లలు, పౌరుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, గ్రీన్‌కార్డుదారుల భార్యాపిల్లలు మాత్రం కోటాల్లో వేచి ఉండాలి. ఆ కోటాలన్నీ కలిపి ఏటా కనీసం 2,26,000. ఉద్యోగం ఆధారంగా ఇచ్చేవి 1,40,000. ఈ కోటా వీసాల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి వెళ్లకూడదు. ఈ అంకెలు 1990 చట్టంలో రాసినవి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఈ అంకెలు చూసినవారు ‘పది లక్షల్లో లక్షా నలభై వేలేనా నైపుణ్యానికి?’ అని అడగడం సహజం. నిజానికి అంత కూడా లేదు. ఒక ఇంజినీరుకు ఉద్యోగ కోటాలో గ్రీన్‌కార్డు వస్తే, వెంట వచ్చే భార్య, ఇద్దరు పిల్లలు కూడా అదే 1,40,000లోంచి తీసుకుంటారు. ఆ కోటాలో సగానికి పైగా ఇలా డిపెండెంట్లకే పోతుంది. అంటే పనిని చూసి ఎంపిక చేసుకున్న మనుషులు ఏడాదికి 70 వేలకు లోపే.

కెనడాలో దాదాపు 60 శాతం మంది ఆర్థిక తరగతిలో, అంటే నైపుణ్యం, పని చూసి ఇచ్చే విభాగంలో, వస్తారని చెబుతారు. ఆస్ట్రేలియా 2024-25 ప్రణాళికలో మొత్తం 1,85,000 స్థానాలుంటే నైపుణ్య విభాగానికి 1,32,200, కుటుంబ విభాగానికి 52,500 కేటాయించారు. ఈ లెక్కలూ అమెరికా లెక్కల్లాంటివే. చదువు, వయసు, భాష వంటివాటికి ఇచ్చే పాయింట్లు తెచ్చుకున్న మనిషితో పాటు వచ్చిన భార్యాపిల్లలనూ నైపుణ్యం ఖాతాలోనే రాస్తారు.

కాబట్టి ఒకే మనిషి ఏ ఖాతాలో పడతారన్నది చాలాసార్లు పెళ్లి తేదీ మీద ఆధారపడుతుంది. వీసా రాకముందు పెళ్లయితే ఆమె ‘ఉద్యోగ ఆధారిత’ వలసదారు. భర్త పౌరుడయ్యాక పెళ్లయితే ‘కుటుంబ ఆధారిత’ వలసదారు. ఆమె చదువు, వయసు, సంపాదించగల శక్తి రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. రెండు దేశాల శాతాలు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ మెలిక గుర్తుండాలి. పత్రికల్లో వచ్చే పోలికల్లో చాలాభాగం దీన్ని దాటేసి వెళ్లిపోతాయి.

## 1965: అనుకున్నదొకటి, అయినదొకటి

అమెరికాది మొదటి నుంచీ కుటుంబ విధానమే అన్న అభిప్రాయం కూడా సరికాదు. 1924 చట్టం ఏ దేశం నుంచి ఎందరు రావాలో జాతీయ మూలాల కోటాలతో నిర్ణయించింది. ఉత్తర, పశ్చిమ యూరప్‌కు పెద్దపీట వేసి, ఆసియాకు దాదాపు తలుపు మూసింది. 1952 చట్టం ఆ కోటాలను అలాగే ఉంచి, ప్రతి దేశం కోటాలో మొదటి 50 శాతం ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారికి అంది. అంటే జాతి వివక్ష, మెరిట్ ఒకే చట్టంలో ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. మెరిట్ పద్ధతి అంటేనే వివక్ష లేని పద్ధతి అనుకునేవారికి ఈ చరిత్ర కొంచెం ఇబ్బందికరం.

1960ల్లో పౌరహక్కుల ఉద్యమ వాతావరణంలో జాతీయ మూలాల కోటా నిలబడలేకపోయింది. కెనెడీ ప్రభుత్వం తెచ్చిన ప్రతిపాదనలో నైపుణ్యానిదే మొదటి స్థానం. ప్రతినిధుల సభలో వలస ఉపసంఘానికి అధ్యక్షుడిగా ఉన్న ఒహాయో డెమొక్రాట్ మైకేల్ ఫీగన్ ఆ వరసను తిరగేయించారు. చివరికి 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ లిబర్టీ ద్వీపంలో సంతకం చేసిన చట్టంలో 74 శాతం బంధువులకు, 20 శాతం ఉద్యోగులకు, 6 శాతం శరణార్థులకు దక్కాయి. అన్నింటికంటే పెద్ద వాటా, 24 శాతం, పౌరుల తోబుట్టువులది. అందుకే దానికి ‘అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల చట్టం’ అన్న ముద్దుపేరు కూడా వచ్చింది.

ఫీగన్ వర్గం లెక్క తేలికైనదే. దేశంలో ఉన్నవాళ్లలో అత్యధికులు యూరప్ మూలాలవారు. బంధువులకే ప్రాధాన్యం ఇస్తే వచ్చేదీ యూరప్ వాళ్లే. కోటా అన్న మాట లేకుండానే కోటా చేసే పని జరిగిపోతుంది.

ఈ లెక్క రెండు చోట్ల తప్పింది. యుద్ధానంతరం పశ్చిమ యూరప్ కోలుకుంది. అక్కడి బంధువులకు వలస వెళ్లాల్సిన అవసరం తగ్గింది. మరోవైపు ఆ 20 శాతం ఉద్యోగ కోటాలోంచి ఇండియా, ఫిలిప్పీన్స్, కొరియాల డాక్టర్లు, ఇంజినీర్లు, నర్సులు వచ్చారు. వాళ్లు పౌరులై, చట్టం ఇచ్చిన హక్కుతోనే తోబుట్టువులకు, తల్లిదండ్రులకు దరఖాస్తు పెట్టారు. ఇవాళ ‘గొలుసు వలస’ అని విమర్శకులు పిలిచే ప్రవాహంలో ఆసియా వరకు చూస్తే, చాలా గొలుసులకు మొదటి కొక్కెం మెరిట్ వీసాయే.

## కెనడా పాయింట్లు, న్యూజిలాండ్ మరమ్మతు

పాయింట్ల పద్ధతి 1967లో కెనడాలో పుట్టింది. అంతకు ఐదేళ్ల ముందే జాతి ప్రస్తావనను నిబంధనల్లోంచి చాలావరకు తీసేశారు. దాని బదులు ఏ ప్రమాణం పెట్టాలన్న ప్రశ్నకు జవాబుగా వందకు యాభై తెచ్చుకుంటే రావచ్చు అనే కొలబద్ద తయారైంది. చదువుకు 20 వరకు, ఆ తర్వాత వృత్తికి, వయసుకు, భాషకు పాయింట్లు. ఇందులో ఒక వింత కూడా ఉంది. ఎదుటి మనిషి చొరవ, సర్దుకుపోయే గుణం చూసి ఇంటర్వ్యూ అధికారి తన అంచనాతో ఇచ్చే పాయింట్లు 15. కొలతలన్నీ నిష్పాక్షికంగా ఉండాలని మొదలైన పద్ధతిలోనే అధికారి ఇష్టాయిష్టాలకు అంత చోటు ఉంది.

పాయింట్ల పద్ధతికి తగిలిన పెద్ద దెబ్బ ఆ అంచనా పాయింట్ల వల్ల కాదు, క్యూ వల్ల. 2002 చట్టం తర్వాత కెనడాలో నిర్దిష్ట మార్కు దాటిన ప్రతివారి దరఖాస్తునూ పరిశీలించాల్సిందే. మార్కు దాటేవారు ఏటా తీసుకోగలిగినవారికంటే ఎక్కువగా ఉన్నంతకాలం వరస కొండవీటి చాంతాడులా సాగక తప్పదు. ఆరు లక్షలకు పైగా మంది పోగుపడ్డారు. ఎనిమిదేళ్ల కిందట ఎంపిక కావాల్సిన ప్రోగ్రామర్ ఫైలు తెరిచేసరికి అతని నైపుణ్యం పాతబడేది. 2012లో ప్రభుత్వం తెగించి, 2008 ఫిబ్రవరి 27కు ముందు వచ్చిన దరఖాస్తులను చట్టం ద్వారా రద్దు చేసి ఫీజులు తిరిగిచ్చేసింది. దాదాపు 2,80,000 మంది ఏళ్ల తరబడి నిరీక్షణ ఒక్క కలంపోటుతో ముగిసింది.

దీనికి విరుగుడు అప్పటికే న్యూజిలాండ్‌లో ఉంది. 2003లో ఆ దేశం ‘ముందు ఆసక్తి తెలపండి, పిలిస్తేనే దరఖాస్తు పెట్టండి’ అన్న పద్ధతి మొదలుపెట్టింది. ఆసక్తి తెలిపినవారంతా ఒక కొలనులో ఉంటారు. ప్రభుత్వం పైనుంచి కావలసినంతమందిని తీసుకుంటుంది. మిగిలినవారికి కొంతకాలానికి గడువు తీరిపోతుంది. ఎవరికీ ‘నా వంతు’ అనే హక్కు ఉండదు. ఆస్ట్రేలియా 2012లో, కెనడా 2015లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పేరుతో దీన్ని తెచ్చుకున్నాయి. నేటి పాయింట్ల విధానాలు వేగంగా పనిచేయడానికి పాయింట్లకంటే ఈ కొలను పద్ధతే పెద్ద కారణం. పాత క్యూ పద్ధతిలో అన్యాయం జరిగితే అది జాబితాలో కనిపించేది. కొలనులో నిరాకరణ కూడా ఉండదు, పిలుపు రాకపోవడమే ఉంటుంది.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కొలమానం మొత్తం 1,200. ఒంటరి దరఖాస్తుదారుకు వయసు మీద గరిష్ఠంగా 110 పాయింట్లు 20-29 మధ్య వారికి దక్కుతాయి. ఆ తర్వాత తగ్గుతూ 45కు సున్నా అవుతుంది. ఏదైనా ప్రావిన్సు నామినేట్ చేస్తే ఒక్కసారే 600. ఆశ్చర్యమేమంటే ఇందులో చుట్టరికానికీ చోటుంది. కెనడాలో తోబుట్టువు ఉంటే 15 పాయింట్లు. స్థిరపడటానికి బంధువు పనికొస్తాడని పాయింట్ల వ్యవస్థ కూడా ఒప్పుకుందన్నమాట.

## ఎంపిక చేసే మూడు చేతులు

వలస విధానాన్ని అర్థం చేసుకోవడానికి ‘మెరిట్టా, కుటుంబమా’ అనే ప్రశ్నకంటే ‘ఎవరు ఎంచుతున్నారు’ అనే ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. ఎంచేవారు ముగ్గురు. ముగ్గురికీ తెలిసినవి వేరు, తెలియనివీ వేరు.

ప్రభుత్వానికి కాగితం తెలుసు. డిగ్రీ, భాషా పరీక్ష స్కోరు, పుట్టిన తేదీ. కాగితం మీద ఉన్నది పనిలోకి మారుతుందా అన్నది దానికి తెలియదు. కెనడాలో విదేశీ డాక్టర్లు, ఇంజినీర్లు తమ వృత్తిలోకి వెళ్లలేక టాక్సీలు నడిపిన సంగతి అక్కడి రాజకీయాల్లో ఏళ్లపాటు నలిగింది. ఫెడరల్ ప్రభుత్వం డిగ్రీకి పాయింట్లిస్తే, వైద్యం చేయడానికి లైసెన్సు ఇచ్చేవి ప్రావిన్సుల వృత్తి మండళ్లు. ఒకరు పిలిస్తే ఇంకొకరు తలుపు తీయలేదు.

యజమానికి పని తెలుసు. ఫలానా మనిషి ఫలానా కుర్చీలో పనికొస్తాడని చెప్పగలడు. కానీ ఆ ఉద్యోగం పోయాక ఆ మనిషి ఏమవుతాడన్నది అతని సమస్య కాదు. పైగా వీసా యజమాని చేతిలో ఉన్నంతకాలం ఉద్యోగికి జీతం గురించి గట్టిగా మాట్లాడే ధైర్యం తక్కువ. బ్రిటన్ 2021 నుంచి నడుపుతున్న విధానాన్ని ‘పాయింట్ల వ్యవస్థ’ అని పిలుస్తుంది. కావలసిన 70లో 50 పాయింట్లకు ప్రత్యామ్నాయమే లేదు. ఆమోదం పొందిన యజమాని ఇచ్చే ఉద్యోగానికి 20, ఆ ఉద్యోగం స్థాయికి 20, ఇంగ్లిష్‌కు 10. ఒకటి లేకపోతే ఇంకొకదానితో పూడ్చుకునే వీలు దాదాపు లేనప్పుడు దాన్ని పాయింట్ల పద్ధతి అనడం పేరుకే. అది యజమాని ఎంపికే, పాయింట్ల చొక్కా తొడుక్కుంది.

బంధువుకు మనిషి తెలుసు. ప్రభుత్వానికి, యజమానికి అంతుచిక్కని నమ్మకం, కష్టపడే తత్వం వంటివి అతనికి ఎరుకే. వచ్చినవారికి మొదటి ఇల్లు, మొదటి ఉద్యోగం వెతికిపెట్టేదీ, పిల్లల్ని చూసుకునేదీ అతనే. కానీ అతను ఎంచేది దేశానికి ఏం కావాలని కాదు, తనకు ఎవరు కావాలని. ఎంపిక అన్న మాట కూడా ఇక్కడ సరిగ్గా అతకదు. తల్లిని ఎవరూ ఎంచుకోరు. అందుకే చాలా ప్రజాస్వామ్యాల్లో భార్యాభర్తలు, మైనరు పిల్లల విషయం వలస విధానంగా కాకుండా పౌరుడి హక్కుగా చూస్తారు. ఎంత కఠినమైన మెరిట్ ప్రతిపాదన అయినా ఈ రెండు వర్గాలను ముట్టుకోదు. వాదన అంతా తల్లిదండ్రులు, పెద్దయిన పిల్లలు, తోబుట్టువుల చుట్టూనే.

## గొలుసు ఎంత వేగంగా సాగుతుంది

ఒకరు వస్తే ఊరంతా వస్తుందన్న భయం వెనక ఉన్న యంత్రాంగాన్ని దశలవారీగా చూడాలి. గ్రీన్‌కార్డు వచ్చాక పౌరసత్వానికి మామూలుగా 5 ఏళ్లు. గ్రీన్‌కార్డుదారుకు తల్లిదండ్రులనో తోబుట్టువులనో పిలిపించుకునే హక్కు లేదు, పౌరుడు కావాలి. పౌరుడయ్యాక తల్లిదండ్రులు త్వరగానే వస్తారు. తోబుట్టువుల కోటా మాత్రం ప్రపంచమంతటికీ కలిపి ఏడాదికి 65,000. అందులోనూ భార్యాభర్తలు, పిల్లలు కలిసే ఉంటారు. 2025లో ఆ తరగతిలో వీసా అందుకుంటున్నవారు 17 ఏళ్లకు పైగా వేచినవారు. మెక్సికోవారి నిరీక్షణ ఇంకా ఎక్కువ.

ఇక్కడ వాదనల్లో అరుదుగా వినిపించే విషయం ఒకటుంది. ముప్పై ఏళ్ల వయసులో దరఖాస్తు పడిన తమ్ముడు యాభై దగ్గర పడ్డాక విమానం ఎక్కుతాడు. కొత్త భాషలో, కొత్త వృత్తిలో కుదురుకునే వయసు అప్పటికి దాటిపోయి ఉంటుంది. అతని వెంట రావలసిన పిల్లలు 21 దాటి అర్హత పోగొట్టుకుంటారు. క్యూలో వయసు దాటినా పిల్లల అర్హతను కాపాడేందుకు 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం కొందరికి మాత్రమే ఊరట. ఆ తర్వాత గణాంకాల్లో ‘కుటుంబ వలసదారులు వయసు మీరినవారు, తక్కువ సంపాదించేవారు’ అని తేలుతుంది. అందులో కొంత చుట్టరికం లక్షణం కాదు, క్యూ చేసిన పని. ఇరవై ఏళ్లు గడప బయట నిలబెట్టి, లోపలికి వచ్చాక ముసలివాడివయ్యావని అన్నట్టుంటుంది.

మెరిట్ క్యూ కూడా దీనికి తీసిపోలేదు. 7 శాతం పరిమితి పుట్టిన దేశాన్ని బట్టి వర్తిస్తుంది కాబట్టి, ఒకే కంపెనీలో ఒకే హోదాలో ఉన్న ఇద్దరిలో ఒకరు ఏడాది రెండేళ్లలో గ్రీన్‌కార్డు తీసుకుంటే, ఇండియాలో పుట్టిన రెండోవారు దశాబ్దానికి పైగా వీసా బులెటిన్ (ఎవరి వంతు వచ్చిందో నెలనెలా తెలిపే ప్రకటన) చూస్తూ గడపాలి. 2025లో ఈబీ-2 (పెద్ద డిగ్రీలున్నవారి ఉద్యోగ తరగతి)లో ఇండియావారి వరస 2013లో దరఖాస్తు పడినవారి దగ్గర ఉంది. ప్రతిభను కొలిచి రానిచ్చిన మనిషి వరసలో ఎక్కడ నిలబడాలో చివరికి పుట్టిన చోటే నిర్ణయిస్తోంది. 2019 జులైలో ప్రతినిధుల సభ ఉద్యోగ కోటాలో ఈ పరిమితిని ఎత్తేసే బిల్లును 365-65 ఓట్లతో ఆమోదించింది. అది చట్టం కాలేదు.

## పాయింట్లకు అందని పనులు

ఏ పాయింట్ల పట్టిక చూసినా యువకుడైన, ఇంగ్లిష్ బాగా వచ్చిన, పెద్ద డిగ్రీ ఉన్న మనిషి పైన ఉంటాడు. వృద్ధులను చూసుకునేవారు, పంట కోసేవారు, ఇళ్లు కట్టేవారు కింద ఉంటారు. సమాజానికి మాత్రం రెండు రకాలవారూ కావాలి. కుటుంబ విధానం ఈ రెండో రకం మనుషులను ఎవరూ ప్రణాళిక వేయకుండానే తెచ్చిపెట్టేది. మెరిట్ విధానానికి మారిన దేశాలు వాళ్ల కోసం వేరే పక్కదారులు తెరవాల్సి వచ్చింది.

బ్రిటన్ అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. వృద్ధాశ్రమాల్లో సిబ్బంది కొరత తట్టుకోలేక 2022 ఫిబ్రవరిలో సంరక్షకులను ఆరోగ్య వీసాలోకి చేర్చింది. వాళ్లు కుటుంబాలతో వచ్చారు. అంకెలు అంచనాలను దాటాయి. 2024 మార్చి 11 నుంచి వాళ్లు భార్యాపిల్లలను తెచ్చుకోవడాన్ని నిషేధించింది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్త సంరక్షకుల నియామకాన్నే ఆపేసింది. మూడున్నరేళ్లలో తలుపు బార్లా తెరిచి, సగం మూసి, గొళ్లెం పెట్టడం పూర్తయింది. మధ్య దశను గమనించాలి. పని కావాలి కానీ పనిచేసే మనిషి కుటుంబం వద్దు అన్న స్థితి అది. గల్ఫ్ దేశాల్లో తక్కువ జీతాల కార్మికులకు దశాబ్దాలుగా ఉన్న ఏర్పాటు కూడా ఇదే. పశ్చిమ జర్మనీ కూడా 1961లో తుర్కియేతో ఒప్పందం చేసుకుని ‘అతిథి కార్మికులను’ తాత్కాలికమనే పిలిచింది. 1973లో నియామకాలు ఆపేసింది. ఒకసారి వెళితే మళ్లీ రానివ్వరని తెలిసి చాలామంది అక్కడే ఉండిపోయారు, భార్యాపిల్లలను రప్పించుకున్నారు. కార్మిక వలసను ఆపిన నిర్ణయమే కుటుంబ వలసను పెంచింది.

కెనడా 2023 నుంచి కేవలం మొత్తం స్కోరు చూడకుండా ఆరోగ్యరంగం, నిర్మాణ వృత్తులు, ఫ్రెంచ్ భాష వంటి విభాగాలకు విడిగా పిలుపులిస్తోంది. అంటే తక్కువ స్కోరుతో వడ్రంగి, ఎక్కువ స్కోరున్న మేనేజరును దాటి ముందుకు వెళ్లవచ్చు. మెరిట్ అంటే ఏమిటన్నది ఆ ఏడాది మంత్రిత్వశాఖ అవసరం చెబుతుందన్నమాట.

## ఖజానా లెక్కలు

ఆర్థికవేత్తల్లో ఈ విషయం మీద నలభై ఏళ్ల తగవు ఉంది. 1965 తర్వాత వచ్చిన వలసదారులు ముందు తరాల వలసదారులంత సంపాదించడం లేదని జార్జ్ బోర్హాస్ 1985 నుంచి వాదిస్తూ వచ్చారు. నైపుణ్యం చూసి ఎంచుకోవాలన్న వాదనకు ఆయన పరిశోధన బలమైన ఆధారం. దానికి ఎదురుగా హారియెట్ డులీప్, మార్క్ రెగెట్స్ చూపించినది వేరు. కుటుంబ మార్గంలో వచ్చినవారి జీతం తక్కువ దగ్గర మొదలై వేగంగా పెరుగుతుంది, ఏళ్లు గడిచే కొద్దీ తేడా తగ్గుతుంది. వచ్చిన మొదటి ఏడాది ఫోటో తీస్తే బోర్హాస్ సరి, పదిహేనేళ్ల సినిమా చూస్తే డులీప్ సరి అనిపిస్తుంది. ఏది చూడాలన్నదే తగవు.

అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీల 2016 నివేదిక ప్రకారం వలసదారు ఖజానాకు భారమా లాభమా అన్నది ప్రధానంగా వయసు, చదువు తేలుస్తాయి. వీసా తరగతి పేరు కాదు. మొదటి తరం రాష్ట్రాల మీద, ముఖ్యంగా పిల్లల చదువుల రూపంలో, ఖర్చు భారం మోపుతుంది. వాళ్ల పిల్లలు పెద్దయ్యాక పన్నులు కట్టడంలో అందరికంటే ముందున్నవారిలో ఉంటారు. వృద్ధులైన తల్లిదండ్రుల విషయంలో లెక్క కఠినంగానే ఉంటుంది. దాన్ని దాచనక్కర్లేదు. అయితే వాళ్లు మనవలను చూసుకుంటే కోడలు లేదా కూతురు ఉద్యోగానికి వెళ్లగలుగుతుంది. ఈ జమ ఏ ఖాతాలోనూ పడదు.

ఖర్చు భయానికి దేశాలు కనిపెట్టిన సాధనం హామీపత్రం. అమెరికాలో 1996 నుంచి స్పాన్సర్ చేసేవారు పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపి చట్టబద్ధంగా పూచీ పడాలి. కెనడాలో క్యుబెక్ బయట తల్లిదండ్రులకు ఆ పూచీ 20 ఏళ్లు. బ్రిటన్‌లో విదేశీ భార్యను లేదా భర్తను తెచ్చుకోవాలంటే 2012లో 18,600 పౌండ్ల వార్షికాదాయం ఉండాలన్నారు, 2024 ఏప్రిల్‌లో 29,000 చేశారు. గమనిస్తే ఇక్కడ మెరిట్ దొడ్డిదారిన చుట్టరికంలోకి వచ్చింది. వచ్చేవారిది కాదు, పిలిచేవారిది.

## వాషింగ్టన్‌లో ఆగిపోయిన బిల్లులు, కొత్తగా వచ్చిన ధర

తోబుట్టువుల తరగతి తీసేయాలన్న సూచన ట్రంప్‌తో మొదలు కాలేదు. పౌరహక్కుల నాయకురాలైన బార్బరా జోర్డన్ అధ్యక్షత వహించిన కమిషన్ 1995లోనే ఆ మాట చెప్పింది. 2007లో పాయింట్ల పద్ధతి ఉన్న బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది. 2013లో సెనేట్ 68-32తో ఆమోదించిన బిల్లులో పాయింట్ల వీసా ఉంది, తోబుట్టువుల కోటా రద్దు ఉంది. ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. 2017లో సెనేటర్లు టామ్ కాటన్, డేవిడ్ పెర్డ్యూ తెచ్చిన, ట్రంప్ మద్దతిచ్చిన రెయిజ్ బిల్లులో అర్హతకు 30 పాయింట్లు కావాలి. నోబెల్ బహుమతికి 25, ఒలింపిక్ పతకానికి 15. నోబెల్ గ్రహీత కూడా ఇంకో ఐదు పాయింట్లు వెతుక్కోవాలన్నది ఆ పట్టికలోని చమత్కారం.

2013, 2017 బిల్లులను పక్కపక్కన పెడితే ఒక సంగతి బయటపడుతుంది. రెండూ మెరిట్ పేరు పెట్టుకున్నవే. మొదటిది మొత్తం వలసను పెంచేది, రెండోది పదేళ్లలో దాదాపు సగానికి తగ్గించేది. మెరిట్ అన్న మాట ‘ఎవరు’ అన్నదానికి జవాబు. ‘ఎందరు’ అన్నది దానికి సంబంధం లేని వేరే నిర్ణయం. కుటుంబ కోటా తీసేసిన చోటును ఉద్యోగ కోటాకు కలుపుతారా, లేక గాలిలో కలిపేస్తారా అన్నది చూడకుండా ఏ ప్రతిపాదన ఫలితమూ అంచనా వేయలేం.

చట్టం మారనప్పుడు కార్యనిర్వాహక ఉత్తర్వులు వస్తాయి. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ కొత్త హెచ్‌-1బీ వీసా (కంపెనీలు విదేశీ నిపుణులను తాత్కాలికంగా రప్పించుకునేది) దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు విధించారు. అదే రోజు పది లక్షల డాలర్లు ఇచ్చినవారికి శాశ్వత నివాసానికి దారి తీసే ‘గోల్డ్ కార్డు’ ప్రకటించారు. జీతం స్థాయిని బట్టి హెచ్‌-1బీ లాటరీలో అవకాశాలు పెంచే నిబంధన కూడా ఆ నెలలోనే ప్రతిపాదనగా వచ్చింది. దీంతో బంధువు, యజమాని, ప్రభుత్వం సరసన నాలుగో ఎంపికదారు చేరింది: ధర. చిన్న ఆసుపత్రికి కావలసిన డాక్టరు, పెద్ద కంపెనీకి కావలసిన ప్రోగ్రామరు ఇప్పుడు ఒకే తూకంలో పడతారు. ఆ తూకం కొలిచేది ప్రతిభను కాదు, పిలిచేవారి చెల్లింపు శక్తిని.

## తల్లిదండ్రుల దగ్గర ఆగిన ప్రశ్న

మెరిట్ దేశాలకు తేలని చిక్కు తల్లిదండ్రులు. ఇరవై ఎనిమిదేళ్ల నిపుణుడిని కోరి తెచ్చుకుంటే, నలభై ఏళ్లకు అతని తల్లికి డెబ్బై వస్తాయి. ఒక్కడే కొడుకైతే వెనక్కి వెళ్లాలా, ఆమెను తెచ్చుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. జపాన్ ఎక్కువ పాయింట్లున్న నిపుణులకు మాత్రం, ఇంట్లో ఏడేళ్లలోపు బిడ్డ ఉండటం వంటి సందర్భాల్లో, ఏటా 80 లక్షల యెన్ల ఆదాయం చూపితే తల్లిదండ్రులను కొంతకాలం ఉంచుకోనిస్తుంది. అక్కడ కుటుంబం మెరిట్‌కు ఇచ్చే బహుమతి.

ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల పిల్లల్లో కనీసం సగం మంది అక్కడ స్థిరపడి ఉండాలన్న పరీక్ష ఉంది. అది దాటినా మామూలు వీసాకు నిరీక్షణ 30 ఏళ్లకు పైగా. 48 వేల డాలర్ల దరిదాపుల్లో కడితే వేరే వరస ఉంది, అదీ ఇప్పుడు ఏళ్ల తరబడి సాగుతోంది. మార్టిన్ పార్కిన్‌సన్ నేతృత్వంలో 2023లో వచ్చిన ప్రభుత్వ సమీక్ష, బతికుండగా రాని వీసాకు దరఖాస్తు తీసుకోవడం క్రూరమని తప్పుపట్టింది.

కెనడా 2011లో తల్లిదండ్రుల దరఖాస్తులు కొంతకాలం ఆపి, బదులుగా సూపర్ వీసా తెచ్చింది. శాశ్వత నివాసం లేకుండా ఏళ్లపాటు ఉండిపోయే వీలది. ఇప్పుడు ఒక్కసారి వస్తే 5 ఏళ్ల వరకు ఉండవచ్చు, ఆరోగ్య బీమా మాత్రం సొంత ఖర్చు. శాశ్వత నివాసం కోసం అయితే 2017లో లాటరీ పెట్టారు. 2019లో ముందు వచ్చినవారికి ముందు అని మార్చితే స్థానాలన్నీ నిమిషాల్లో నిండిపోయాయి. మళ్లీ లాటరీకే వెళ్లారు. పాయింటు పాయింటు లెక్కపెట్టి తెచ్చుకున్న మనుషుల తల్లిదండ్రులను చీట్లు తీసి పిలుస్తూ వచ్చారు. ఆ చీట్లు కూడా 2020లో పేరు నమోదు చేసుకున్నవారివే. 2025 వరకు అదే జాబితాలోంచి తీస్తూ వచ్చారు, కొత్త పేర్లు చేర్చుకోలేదు.